రెండు గంటల ఇరవై నిమిషాల్లో దుబాయ్ ఎట్లా చేరుతుంది?

మహబూబ్‌నగర్

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: హైదరాబాద్–దుబాయ్ విమాన ప్రయాణ సమయాన్ని మీ యాప్ తప్పుగా చూపడం గురించి.

అయ్యా,

దుబాయ్‌లో పనిచేస్తున్న మా అన్న దగ్గరికి అమ్మను పంపడానికి మీ యాప్‌లో రానుపోను టికెట్లు కొన్నాను. శంషాబాద్‌లో ఉదయం 10:00కు బయలుదేరి 12:20కి చేరుతుందని, ప్రయాణ సమయం ‘2 గం. 20 ని.’ అని అందులో ఉంది. తిరుగు ప్రయాణానికి 5 గంటలట. బయలుదేరే వేళ, చేరే వేళ రెండూ సరైనవే. వాటి మధ్య మీరు వేసిన లెక్కే తప్పు. దుబాయ్ గడియారం మనకంటే గంటన్నర వెనక ఉంటుంది. అక్కడ 12:20 అంటే ఇక్కడ 1:50. అమ్మ విమానంలో కూర్చోవలసింది 3 గంటల 50 నిమిషాలు.

అమ్మకు షుగరు. గోలీ వేసుకున్నాక వేళకు తినకపోతే చెమటలు పట్టి చేతులు వణుకుతాయి. మీ యాప్‌లోని సమయం చూసే భోజనం లేని టికెట్ తీసుకున్నాం. జొన్న రొట్టెలు మూటకట్టి ఇస్తే, “రెండు గంటలే గదా బిడ్డా, పెద్దోని ఇంట్ల తింట” అని పెద్ద బ్యాగులో పెట్టించింది. ఆ బ్యాగు కౌంటర్ దగ్గరే లోపలికి పోయింది. విమానంలో ముందుగా చెప్పుకున్నవాళ్లకే భోజనం అన్నారట. పక్క సీటు పిల్లగాడు చాక్లెట్ ఇవ్వబట్టి సరిపోయింది గానీ, లేకుంటే ఏమయ్యేదో.

మీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే “టైమింగ్స్ అన్నీ లోకల్ టైమ్ ప్రకారమే ఉంటాయి సర్” అన్నారు. విమానం ఎక్కే వేళకు, దిగే వేళకు లోకల్ టైమ్ ఉంటుంది, ఒప్పుకుంటాను. సీట్లో కూర్చున్న గంటలకు లోకల్ ఏమిటి? ఎక్కడ లెక్కపెట్టినా అవి అన్నే.

పోనీ, మీ పేజీనే చూడండి. దూరం సుమారు 2,550 కిలోమీటర్లని మీరే రాశారు. మీ లెక్కన పోయేటప్పుడు విమానం గంటకు దాదాపు 1,090 కిలోమీటర్లు పోవాలి, వచ్చేటప్పుడు 510. ప్రయాణికుల జెట్ విమానాలు పైకి లేచాక గంటకు 800–900 కిలోమీటర్ల వేగంతో పోతాయి. పైగా అంత ఎత్తున గాలులు ఎక్కువగా పడమటి నుంచి తూర్పుకు వీస్తాయి కాబట్టి, మామూలుగా దుబాయ్ పోవడానికే ఎక్కువసేపు పడుతుంది, రావడానికి తక్కువ. తిరుగు ప్రయాణం నిజానికి మూడున్నర గంటలే. మీ యాప్ సరిగ్గా తలకిందులుగా చూపిస్తోంది. విమాన టికెట్లు అమ్మే సంస్థకు ఈ సంగతి నేను చెప్పాల్సి రావడమే విచిత్రం.

పాలమూరు నుంచి గల్ఫ్‌లో ఉన్న పిల్లల దగ్గరికి తొలిసారి విమానమెక్కి పోయే పెద్దవాళ్లున్నారు. గోలీలు, తిండి, వెంట పెట్టుకునే నీళ్లు అన్నీ ఆ ఒక్క అంకెను చూసే సర్దుకుంటారు.

ప్రయాణ సమయాన్ని రెండు దేశాల గడియారాల తేడా కలిపి లెక్కగట్టి చూపండి. చేరే వేళ పక్కన ‘దుబాయ్ సమయం’ అని తెలుగులో రాయండి. ఇప్పటికే టికెట్లు కొన్నవాళ్లకు సరైన సమయం మెసేజ్ పంపండి. అమ్మ తిరుగు టికెట్‌కు భోజనం మీ ఖర్చుతోనే కలపండి.

15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్తాను. ఆ తర్వాత ఇక్కడి జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేనుండే చోటే కేసు వేయవచ్చు, మీ ఆఫీసు ఏ ఊళ్లో ఉన్నా సరే. టికెట్ కాపీ, యాప్ స్క్రీన్‌షాట్లు జతచేస్తున్నాను.

ఇట్లు,
మీ వినియోగదారుడు