హర్షగాడి ప్రైవేటు సంగతి

అమలాపురం

చి.సౌ. చిట్టికి అమ్మ ఆశీర్వదించి రాసేది.

ఇక్కడ మేమిద్దరం క్షేమం. మీ నాన్నగారి మోకాలు ఇప్పుడు కొంచెం నయం, నూనె రాయించుకోమంటే మాత్రం వినరు. ఫోన్ ఉండగా ఈ ఉత్తరం ఏమిటని అల్లుడుగారూ నువ్వూ నవ్వుకుంటారేమో. నేను ఫోన్ చేస్తే నువ్వు స్పీకర్లో పెట్టి కూరలు తరుగుతూ మాట్లాడతావు. ఇంటిల్లిపాదీ వింటుంటే అడగాలనుకున్నది నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. పైగా సంక్రాంతికి వచ్చి వెళ్లిన దగ్గర్నుంచి "తర్వాత చేస్తానమ్మా" అనడమే గానీ నువ్వుగా ఫోన్ చేసింది లేదు.

ఊళ్లో కొత్త విశేషాలేం లేవు. పెద్దబుల్లి వాళ్ల గేదె ఈనింది, జున్ను పంపారు, నువ్వు లేవుగా అనుకుంటూనే తిన్నాం. సూరీడు మళ్లీ పాత కథే, చెప్పుకుంటే సిగ్గు. కాకినాడ అత్తయ్య కంటి ఆపరేషన్ బాగా జరిగిందట, ఓసారి పలకరించు. గుళ్లో రాజ్యం కనిపించింది. వాళ్ల కోడలు మీ నిజాంపేటలోనే ఉంటోందట కదా, అదీ మన హర్షగాడికి సైన్సు ప్రైవేటు చెప్పే సారుండే అపార్ట్‌మెంట్‌లోనే. మాటల్లో మాటగా చెప్పింది. వాడు సాయంత్రాలు ఆ మెట్ల మీద బ్యాగు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటున్నాడట, పైన క్లాసు జరుగుతున్న టైములోనే. రాజ్యం నోటికి హద్దూ అదుపూ లేదని నాకూ తెలుసు. నేను దానికోసం ఈ ఉత్తరం రాయడం లేదు, ఊరికే గుర్తొచ్చి రాశాను.

ఈ ఏడాది ఆవకాయకి మంచి కాయ దొరికింది. నీకు బెల్లం ఆవకాయ, అల్లుడుగారికి కారం ఎక్కువది, వేరు వేరు జాడీల్లో తీసిపెట్టాను. హర్షగాడు ఏది తింటాడో నువ్వు చెప్పనే లేదు. అసలు వాడు స్కూలు నుంచి వచ్చాక ఏమన్నా తిని ప్రైవేటుకి వెళ్తున్నాడా? ఐదింటికి ఇంటికొచ్చి ఐదున్నరకి మళ్లీ బయల్దేరే పిల్లాడికి ఆ బిస్కెట్లు ఏ మూలకి? సున్నుండలు పంపుతున్నాను. రెండు వాడి జేబులో వెయ్యి, మెట్ల మీదైనా తింటాడు.

చూశావా, మళ్లీ అక్కడికే వచ్చాను. రాజ్యాన్ని నేను గుచ్చి గుచ్చి అడిగాను, ఏ అంతస్తు మెట్లమ్మా అని. మూడో అంతస్తట. సారుండేది నాలుగో అంతస్తట. అంటే పిల్లాడు ఇంటి దగ్గర ఎగ్గొట్టడం లేదు, సందు చివర క్రికెట్టుకీ పోవడం లేదు. బుద్ధిగా బయల్దేరి, అన్ని మెట్లూ ఎక్కి, చివరి వరస ఎక్కలేక ఆగిపోతున్నాడు. వాడికి చదువు మీద అయిష్టం లేదు చిట్టీ, ఆ గదంటే భయం. నువ్వు కొట్టకు, కోప్పడకు. నాకు తెలిసినట్టు కూడా చెప్పకు.

ఆ సారు గొప్పవాడే కావచ్చు. ఆయన దగ్గర చదివిన పిల్లలకి పెద్ద పెద్ద ర్యాంకులొచ్చాయని నువ్వు సంక్రాంతికి చెప్పావు. మీ నాన్నగారు అప్పుడే ఒక ప్రశ్న అడిగారు, నువ్వు విన్నావో లేదో. "సైన్సు అర్థం కాని పిల్లలు ఆయన దగ్గరికి వెళ్లి ఏమయ్యారు?" అన్నారు. ముందే బాగా చదివేవాళ్లని చేర్చుకుంటే ర్యాంకులు రాక ఏమవుతాయి? హాలు నిండా పిల్లల్ని కూర్చోబెట్టి, మార్కులు పైకి చదివి, తక్కువ వచ్చినవాణ్ణి నిలబెడతాడని వినికిడి. ఇది రాజ్యం చెప్పలేదులే, హర్షగాడే వాసుకి చెప్పాడట.

వాసంటే గుర్తొచ్చింది. వాడి ఇంటర్ సంగతి ఎత్తనని మీ నాన్నగారికి మాటిచ్చాను, ఎత్తను. హాస్టల్ నుంచి రాత్రి బస్సెక్కి వచ్చేసి, తలుపు కొట్టకుండా వీధి అరుగు మీద పడుకున్నాడే, ఆ పొద్దు మటుకు నువ్వు మరిచిపోకు.

నేను ఎనిమిదో క్లాసుతో ఆగిపోయినదాన్నే, కానీ మీ నాన్నగారు రిటైరయ్యాక మన వరండాలో ఎంతమంది పిల్లలకి చెప్పారో వంటింట్లోంచి అన్నీ వింటూనే ఉన్నాను. సర్వీసులో ఉండగా ఒక్క పిల్లాడి దగ్గరా ప్రైవేటు డబ్బు పుచ్చుకోలేదని ఆయనకి ఇప్పటికీ గొప్ప. 2009 విద్యాహక్కు చట్టంలో 28వ సెక్షన్ కూడా అదే చెప్పిందట, బళ్లో పనిచేసే టీచరు ప్రైవేట్లు చెప్పకూడదని. కాబట్టి హర్షగాడి స్కూలు సారే ఇంటికొచ్చి చెప్తానంటే ఒప్పుకోకు. ఆయన దగ్గర ప్రైవేటు చెప్పించుకోని పిల్లల గతి ఏమవుతుందో ఆలోచించు.

నీ పెళ్లయ్యాక సంగతి, నీకు తెలీదు. టైలరు గారి రెండోవాడు పదో తరగతిలో మన వరండాకి వచ్చేవాడు. గోడ పక్కన కూర్చునేవాడు, పేరు పిలిస్తే తప్ప నోరు తెరిచేవాడు కాదు. అన్నీ బానే చేసేవాడు గానీ దర్పణాల లెక్క వచ్చేసరికి ప్రతిసారీ తప్పే. పుటాకార దర్పణం, అంటే లోపలికి గుంటపడ్డ అద్దం, దాని నాభ్యంతరం (ఫోకల్ లెంగ్త్) 10 సెంటీమీటర్లు, వస్తువు 30 సెంటీమీటర్ల దూరంలో ఉంది, ప్రతిబింబం ఎక్కడ? జవాబు 15 రావాలి. వాడికి ఏడున్నర వచ్చేది. బళ్లో సారు అజాగ్రత్త అని రాసి ఎర్ర సిరాతో కొట్టేశాడు, వాళ్ల నాన్న బెల్టు తీశాడు. మీ నాన్నగారు తప్పని చెప్పలేదు. "మొదట్నుంచి పైకి చదువుతూ చెయ్యరా, నేను కాఫీ తాగుతూ వింటాను" అన్నారు. వాడు మొదలెట్టాడు. నాభ్యంతరానికి మైనస్ పెట్టాడు, బళ్లో కంఠతా పట్టించారు కాబట్టి. వస్తు దూరానికి పెట్టలేదు. ఎందుకు పెట్టలేదంటే చాలాసేపు పలకలేదు. నేను దోసె తిరగేసి వచ్చి గుమ్మంలో నిలబడ్డాను. ఆఖరికి అన్నాడు, "దూరం మైనస్ ఎలా ఉంటుంది మాష్టారూ? మా ఇంటికీ చెరువుకీ మైనస్ అర కిలోమీటరా?" అని.

మీ నాన్నగారు కాఫీ గ్లాసు కింద పెట్టేసి, "శభాష్, ఇన్నాళ్లకి ఒక్కడు అడిగాడురా" అన్నారు. మిగతా పిల్లలందరూ వాడి వంక చూశారు, వాడు బిక్కమొహం వేశాడు. ఆయన వాణ్ణి తీసుకెళ్లి మన గడప మీద నిలబెట్టారు. "గడపే అద్దం అనుకో. వెలుగు వీధిలోంచి లోపలికొస్తోంది. అది వెళ్లే దిక్కున, అంటే వంటింటి వైపు కొలిస్తే ప్లస్. ఎదురు దిక్కున, వీధి వైపు కొలిస్తే మైనస్. ముగ్గు గడపకి మూడడుగులే, దాని దూరం ఎక్కడా తగ్గలేదు. ఏ వైపున ఉందో చెప్పడానికే ఆ గుర్తు" అన్నారు. వాడు వీధి వైపు చూసి, వంటింటి వైపు చూసి, నన్ను కూడా చూసి, "అయితే పిన్నిగారు ప్లస్సా మాష్టారూ?" అన్నాడు. వరండా అంతా ఒకటే నవ్వు. దోసె మాడిపోయింది. ఆ రోజు నుంచి వాడు గోడ దగ్గర కూర్చోలేదు. పరీక్షలో లెక్క ఎలా చేశాడో నాకు గుర్తు లేదు. ఇప్పుడు రాజోలులో ఫోన్లు బాగు చేస్తున్నాడు, నా ఫోన్ పాడైతే డబ్బులు తీసుకోడు.

ఎందుకు చెప్తున్నానంటే, హర్షగాడికి కూడా అలాంటి ప్రశ్న ఏదో లోపల ఇరుక్కుని ఉంటుంది. అది అడిగించగలిగే మనిషి కావాలి. తెలివైనవాళ్లు కాదు, ఓపికున్నవాళ్లు కావాలి. మీ నాన్నగారు చెప్పొచ్చు గానీ ఆయనది తెలుగు మీడియం, వీడిది సీబీఎస్‌ఈ ఇంగ్లీషు, వీడియో కాల్లో ఒకరి మాట ఒకరికి వినపడక ఇద్దరూ అరుచుకుంటారు.

కొత్తవాళ్లని చూసేటప్పుడు డబ్బు సంగతి తర్వాత. ముందు ఒక రోజు క్లాసు చెప్పమను, నువ్వు పక్క గదిలో కూర్చుని విను. గంటలో పిల్లాడి గొంతు ఎన్నిసార్లు వినపడిందో చూడు. ఒక్కసారీ వినపడకపోతే నమస్కారం పెట్టి పంపెయ్యి. నచ్చి పెట్టుకుంటే నెల తిరిగేలోపు అడుగు, మావాడు ఎక్కడ ఆగిపోతున్నాడండీ అని. "కాన్సన్‌ట్రేషన్ లేదండీ" అంటే వాళ్లు పిల్లాణ్ణి చూడలేదన్నమాట. "సమీకరణాలు బ్యాలెన్స్ చేసేటప్పుడు ముందు అంకె వెయ్యకుండా నీళ్ల ఫార్ములాలోనే ఇంకో ఆక్సిజన్ కలిపేస్తున్నాడండీ" అన్నారనుకో, అలాంటివాళ్లని వదలకు. అలా కలిపితే అది నీళ్లు కాకుండా హైడ్రోజన్ పెరాక్సైడ్ అయిపోతుందట, మీ నాన్నగారు పక్కనుంచి చెప్తున్నారు. తెలీనిది అడిగితే "రేపు చూసి చెప్తాను" అనేవాళ్లయితే మరీ మంచిది.

ఇంకొకటి. సీబీఎస్‌ఈ పిల్లలకి ఫిజిక్సూ కెమిస్ట్రీ బయాలజీ మూడూ ఒకే పేపరట కదా, 80 మార్కులకి, స్కూలు చేతిలో 20. ఫిజిక్స్ బాగా వచ్చినవాళ్లు బయాలజీ ఇంట్లో చదువుకోమంటారు, తీరా పరీక్షలో గుండె బొమ్మకి పేర్లు పెట్టడం రాదు. అది కూడా అడిగి తెలుసుకో. మీ పక్క బ్లాకులో ఎమ్మెస్సీ, బీఈడీ చేసి పిల్లలు చిన్నవాళ్లని ఇంట్లోనే ఉన్న అమ్మాయి ఉందన్నావు. ఆమెని అడిగి చూడరాదూ? ఇద్దరు ముగ్గురు పిల్లలైతే మరీ మంచిది, ఒక్కడే అయితే వాడు ఇంకా బిగుసుకుపోతాడు. ఫీజు నెల నెలా ఇవ్వు, ఏడాదిది ఒకేసారి కట్టకు. ఆ సారుకి కట్టేశానని మొహమాటపడకు. పోతే పోయింది.

అల్లుడుగారు ఐఐటీ ఫౌండేషన్ కోచింగ్ అన్నారట. పదో తరగతి కానివ్వండి ముందు. పదహారేళ్లు నిండకుండా, పది పూర్తి కాకుండా కోచింగ్ సెంటర్లలో చేర్చుకోవద్దని 2024 జనవరిలో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది, మీ నాన్నగారు పేపరు కటింగ్ దాచారు, ఇందులోనే పెడుతున్నాను. అల్లుడుగారికి నేను పంపినట్టు చెప్పకు, నువ్వు చదివినట్టు చెప్పు.

పిల్లాణ్ణి వంటింట్లోకి రానివ్వు. పసుపు మరకకి సబ్బు రుద్దితే ఎర్రబడుతుంది, కడిగితే మళ్లీ పసుపే. క్షారం అంటే అదేనని వాడికి నిమిషంలో తెలుస్తుంది. నువ్వు చిన్నప్పుడు నా తెల్ల చీర మీదే చేశావు, ఆ చీర ఇంకా ఉంది.

నువ్వు కూడా వేళకి తిను, సంక్రాంతికి చిక్కిపోయి కనిపించావు. ఆ పార్శెల్ శనివారం రాత్రి బస్సుకి వేస్తున్నాం. పూతరేకులు పైన పెట్టాను, నలగకుండా తియ్యి. స్టీలు డబ్బా మీ మేనత్తది, తిరిగి పంపాలి.

హర్షగాడికి ముద్దులు. అల్లుడుగారికి ఆశీస్సులు.

మీ అమ్మ

తా.క. మీ నాన్నగారు చదివి ఇది చేర్చమన్నారు. ఎవర్ని పెట్టుకున్నా, ముందు వాణ్ణి కళ్ల డాక్టరుకి చూపించమంటున్నారు. సంక్రాంతికి టీవీ దగ్గరగా జరిగి చూశాడట, నేను గమనించలేదు. బోర్డు కనపడని పిల్లాణ్ణి మొద్దు అనుకోవడం ఆయన సర్వీసులో చాలాసార్లు చూశారట. ఈ వారంలోనే తీసుకెళ్లు, స్కూలు పోతే ఒక పూట పోతుంది.