ఆరుగంటల ఎండ, ఇద్దరు ప్రేమికులు

సంపాదకులకు,

ప్రళయం తర్వాత మిగిలిన పడుచుజంటల ప్రేమకథలు ఈమధ్య బాగానే వస్తున్నాయి. చదువుతున్నాం. కానీ లోకం అంతమై పదేళ్లయినా హీరో బండి ఒక్క కిక్కుకే స్టార్టవుతుంది! ట్యాంకులో ఉండిపోయిన పెట్రోలు నెలల్లోనే పాడవుతుంది. తేలికభాగం ఆవిరైపోయి, మిగిలింది జిగురుకట్టి కార్బురేటర్ జెట్‌ను మూసేస్తుంది. సైకిలివ్వండి. అమ్మాయి క్యారియర్ మీద కూర్చుంటే ప్రేమకేం లోటు రాదు.

కథ మా గుణుపురంలో, వంశధార ఒడ్డున జరుగుతోందనుకుందాం. తాగడానికి ఆ ఏటి నీళ్లే దిక్కు. వానాకాలం అవి బురదనీళ్లు. చీర మడతలతో వడకడితే చెత్త పోతుంది గానీ సన్నమట్టి పోదు. రాత్రంతా కదపకుండా ఉంచి, పైతేట నీటిని రెండు లీటర్లకు మించని, రంగులేని ప్లాస్టిక్ సీసాలో పట్టి రేకుమీద పడుకోబెట్టాలి. నీళ్లలోని క్రిములు ఎండకు చావాలంటే, మంచి ఎండైతే ఆరుగంటలు, మబ్బుంటే వరసగా రెండు రోజులు. తేరాయో లేదో తెలియాలంటే సీసాను పాత పేపరు హెడ్డింగు మీద నిలబెట్టి, మూతిలోంచి కిందికి చూడాలి. అక్షరాలు కనబడలేదా, ఆ నీళ్లకు ఎండ పనిచేయదు. పురుగుమందు కలిసిన నీళ్లకైతే ఈ పద్ధతే పనికిరాదు.

ఆ ఆరుగంటలూ రేకు పక్కన కూర్చోవడం తప్ప ఇద్దరికీ వేరే పనుండదు. రచయితలు ఆ సీను వదిలేసి తుపాకుల వెంట పడుతున్నారు.

అన్నట్టు, ఇప్పపూలు రాలేది మార్చి, ఏప్రిల్‌లలో. దయచేసి శ్రావణమాసంలో ఏరించకండి.

— కొందరు పాఠకులు, గుణుపురం, రాయగడ జిల్లా, ఒడిశా