రక్షణ మంత్రి గారికి: మా పిల్లల చెవులు, ముక్కులు ముందే చూడండి

గౌరవనీయులైన కేంద్ర రక్షణ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను విజయనగరం జిల్లాలో ఒక డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. 14 ఏళ్లుగా ఎన్‌సీసీ బాధ్యత కూడా నాదే. మా పిల్లలు ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కి బెంగళూరు ఎస్‌ఎస్‌బీకి, అంటే సైనికాధికారులను ఎంపిక చేసే ఐదు రోజుల ఇంటర్వ్యూకి వెళ్తుంటారు. చాలామంది మొదటిరోజే బ్యాగు సర్దుకుని వచ్చేస్తారు. వాళ్లకు నచ్చజెప్పడం నాకు అలవాటే, మళ్లీ రాస్తారు, మళ్లీ వెళ్తారు. ఐదు రోజులూ నెగ్గి, రికమెండ్ అయి (అంటే బోర్డు సిఫారసు పొంది), చివరికి మెడికల్‌లో ఆగిపోయిన పిల్లవాడికి ఏం చెప్పాలో మాత్రం నాకు ఇప్పటికీ తెలియదు.

అలాంటి కుర్రాడు ఒకడున్నాడు. బొబ్బిలి దగ్గర పల్లెటూరు, నాన్న టైలరు. ఎన్‌సీసీలో అన్నిటికన్నా పై స్థాయిదైన ‘సి’ సర్టిఫికెట్ ఉండటంతో ఎన్‌సీసీ స్పెషల్ ఎంట్రీలో రాత పరీక్ష లేకుండా ఇంటర్వ్యూకి వెళ్లాడు. మూడో ప్రయత్నంలో రికమెండ్ అయ్యాడు. ఆ రాత్రి ఫోన్ చేసి “మాస్టారూ, నా చెస్ట్ నంబరు పిలిచారు” అని ఇంకేమీ మాట్లాడలేకపోయాడు. ఎస్‌ఎస్‌బీలో నెగ్గినవాళ్ల నంబరే చివర్లో పిలుస్తారు. వారం తిరక్కుండానే ఇంకో ఫోన్. చెవిలో గులిమి, ముక్కు దూలం వంకర. టీఆర్. అంటే తాత్కాలికంగా అన్‌ఫిట్.

గులిమి తీయించడం పది నిమిషాల పని. ముక్కు అలా కాదు, ఆపరేషన్ కావాలి. మొదట పరీక్షించే స్పెషల్ మెడికల్ బోర్డు అన్‌ఫిట్ అన్నాక 42 రోజుల్లోగా అప్పీల్ బోర్డు, అంటే రెండోసారి వైద్య పరీక్ష, పూర్తికావాలి. పెద్దాసుపత్రిలో ఆపరేషన్‌కి ఇచ్చిన తేదీ ఆ 42 రోజులు దాటాక ఉంది. వాళ్ల నాన్న వడ్డీకి తెచ్చి ప్రైవేటులో చేయించాడు. అప్పీల్ బోర్డు నాటికి లోపల పుండు పూర్తిగా మానలేదు. మళ్లీ అన్‌ఫిట్.

ఆ తర్వాత రివ్యూ మెడికల్ బోర్డు ఉంటుంది. దాన్ని అడగడానికి అప్పీల్ బోర్డు ముగిశాక ఒక్క రోజే గడువు. అడిగినా అది హక్కు కాదు, మంజూరు చేయాలో వద్దో సాయుధ దళాల వైద్య సేవల డైరెక్టర్ జనరల్ విచక్షణ. ఆ విధానమంతా చెప్పే ఉంటారు, కాదనను. కానీ అన్‌ఫిట్ అన్న మాట చెవిన పడ్డాక ఇరవై నాలుగేళ్ల కుర్రాడికి ఇంకే మాట వినిపిస్తుంది? కాగితం మడిచి ఫైల్లో పెట్టుకుని రైలెక్కేశాడు. నాకు ఫోన్ చేసేసరికి రైలు విజయవాడ దాటింది. ఆ ఎంట్రీకి వయసు హద్దు 25. వాడికి మళ్లీ అవకాశం రాలేదు.

ప్రమాణాలు తగ్గించమని నేను అడగను. సియాచిన్‌లో, సబ్‌మెరైన్‌లో ఒంట్లో ఏ చిన్న లోపమున్నా పక్కవాడి ప్రాణం మీదికి వస్తుందని నాకు తెలుసు. కానీ మా వాడి ముక్కు సరిచేయగలిగేదే. రెండేళ్ల ముందు ఎవరైనా చెప్పి ఉంటే తీరికగా, సర్కారు ఆసుపత్రిలోనే చేయించుకునేవాడు. సైనికాధికారుల ఎంపికకు పెట్టే ఎన్‌డీఏ, సీడీఎస్ రాత పరీక్షల నోటిఫికేషన్లలో యూపీఎస్సీ ఈ మాట రాస్తూనే ఉంది: గులిమి, ముక్కు దూలం, టాన్సిల్స్, మొలలు, వెరికోసీల్ (వృషణాల దగ్గర నరాల వాపు), బరువు, ఇవన్నీ ముందే చూపించుకోండని. అయితే అది అనుబంధాల్లో ఎక్కడో, ఇంగ్లిష్‌లో, హిందీలో ఉంటుంది. ఆ పేజీ దాకా మా పిల్లలు వెళ్లరు, వాళ్ల తల్లిదండ్రుల సంగతి సరేసరి.

విశాఖలో నౌకాదళ ఆసుపత్రి ఐఎన్‌హెచ్‌ఎస్ కల్యాణి ఉంది, సికింద్రాబాద్‌లో మిలిటరీ హాస్పిటల్ ఉంది. ఏడాదికి రెండుసార్లు, ‘సి’ సర్టిఫికెట్ పరీక్షకు కూర్చునే క్యాడెట్లను, కోరుకొండ, కలికిరి సైనిక్ స్కూళ్ల పెద్ద తరగతుల పిల్లలను అక్కడ ఒక పూట పరీక్షించి, ఉన్నది ఉన్నట్టు తెలుగులో ఒక చీటీ రాసివ్వండి. అది ఎంపికకు హామీ కాదని పైనే రాయండి, మేం ఒప్పుకుంటాం. ఆపరేషన్ అవసరమైనవాళ్లకు 42 రోజులు కాక, గాయం మానడానికి డాక్టరు ఎంత చెబితే అంత గడువు ఇవ్వండి. రివ్యూ అడగడానికి కనీసం పది రోజులివ్వండి.

మనిషిని బట్టి చూడటం మన సైన్యానికి కొత్త కాదు. గూర్ఖాలకు, ఈశాన్య కొండ ప్రాంతాలవాళ్లకు ఎత్తులో 5 సెంటీమీటర్ల సడలింపు ఉంది. గిరిజనుల ఆచారపు పచ్చబొట్లను కేసు కేసుకూ విడిగా చూస్తారు. అమెరికాలో వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీలో చేరాలనుకునేవాళ్లను డాడ్‌మెర్బ్ అనే వైద్య బోర్డు అనర్హులని తేల్చినా, ఆ కేసు చూసి మినహాయింపు ఇచ్చే అధికారం అకాడమీకి ఉంటుంది. మనకూ అలాంటి ఒక తలుపు కావాలి. దాన్ని తట్టడం అభ్యర్థికి హక్కుగా ఉండాలి, కుదరదంటే ఎందుకో కొలతలతో సహా రాసివ్వాలి.

వచ్చే నెల మా కాలేజీ నుంచి ముగ్గురు బెంగళూరు వెళ్తున్నారు, వాళ్లలో ఒక అమ్మాయి ఉంది. నిన్న సాయంత్రం పరేడ్ అయ్యాక ముగ్గురినీ నిలబెట్టి, ఫోన్ టార్చి వేసి చెవుల్లోకి చూశాను. ఒకరి చెవిలో గులిమి కనిపించింది, డాక్టరు దగ్గరికి పంపాను. ముక్కు లోపల చూడటం నాకు చేతకాలేదు.

ఇట్లు,
విజయనగరం జిల్లా నుంచి ఒక ఎన్‌సీసీ మాస్టారు