చార్లీ హేడెన్‌ను రెండుసార్లు పట్టుకున్న పోలియో

సంపాదకులకు నమస్కారం.

జాజ్ సంగీతంలో డబుల్ బేస్ (మంద్ర స్వరాలు పలికే పెద్ద తీగ వాద్యం) విద్వాంసుడు చార్లీ హేడెన్ 2014 జూలై 11న లాస్ ఏంజెలెస్‌లో కన్నుమూశారు. 15వ ఏట సోకిన పోలియో తాలూకు దీర్ఘకాల ప్రభావమే (పోస్ట్ పోలియో సిండ్రోమ్) ఆయన ప్రాణం తీసింది. అదే ఏడాది మార్చి 27న మన దేశానికి పోలియో రహితమనే గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపుతో పని అయిపోయిందనుకోవడం పొరపాటు.

1937లో అయోవాలో పుట్టిన హేడెన్ రెండేళ్లు నిండకముందే కుటుంబ బృందంతో రేడియోలో పాడారు. పోలియో ఆయన గొంతును దెబ్బతీసింది. పాట ఆగింది, బేస్ నిలిచింది. 1959లో ఆయన వాయించిన, సాక్సఫోన్ విద్వాంసుడు ఆర్నెట్ కోల్‌మన్ బృందంలో పియానో లేదు, ముందే కట్టిపెట్టిన స్వరమేళాల (కార్డ్స్) వరుసా లేదు. సాక్సఫోన్ ఎటు మళ్లితే అటు, అప్పటికప్పుడు కింద ఆధార స్వరం వేయాలి. ఆ పనిలో ఆయనకు సాటి వచ్చినవారు తక్కువ. 1969లో లిబరేషన్ మ్యూజిక్ ఆర్కెస్ట్రా స్థాపించారు. 1971లో ఆఫ్రికాలోని పోర్చుగల్ వలసల విముక్తి ఉద్యమాలకు ఒక రచన అంకితమిచ్చినందుకు పోర్చుగల్ పోలీసులు నిర్బంధించారు. ఇంత చేసిన మనిషికి చివరి ఏళ్లలో మింగడమే కష్టమైంది.

పోస్ట్ పోలియో సిండ్రోమ్ అంటే వైరస్ తిరగబెట్టడం కాదు, ఇంకొకరికి అంటదు. కండరాలను కదిలించే నాడీకణాలు కొన్ని పోలియోకు చచ్చిపోతాయి. మిగిలినవి కొత్త కొమ్మలు వేసి, దిక్కులేని కండర పోగులను కూడా నడిపిస్తాయి. దశాబ్దాల అదనపు భారంతో ఆ కొమ్మలు రాలిపోతుంటే కొత్త బలహీనత మొదలవుతుందని భావిస్తున్నారు. కనీసం 15 ఏళ్లు నిలకడగా ఉన్నాక ఇలా జరగవచ్చు. నిర్ధారణకు ఒకే పరీక్ష లేదు. థైరాయిడ్, బి12 లోపం, వెన్నులో నరం నొక్కుకోవడం వంటివి కాదని తేల్చుకోవాలి.

తప్పులు ఎక్కువగా జరిగేది చికిత్సలోనే. బలం రావాలని శక్తికి మించి బరువులు ఎత్తిస్తే ఉన్న బలమూ పోవచ్చు. మర్నాటికీ అలసట తీరకపోతే వ్యాయామం ఎక్కువైందని అర్థం. పొద్దున్నే తలనొప్పి, పగలంతా మగత ఉంటే రాత్రి ఊపిరి చాలడం లేదేమో చూడాలి. అక్కడ ఒట్టి ఆక్సిజన్ పెడితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరగవచ్చు, శ్వాసకు ఊతమిచ్చే బైపాప్ యంత్రం అవసరం పడవచ్చు. ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టరుకు పాత పోలియో సంగతి తప్పక చెప్పాలి. మత్తుమందులు, కండరాలను సడలించే మందులు వీళ్లపై ఎక్కువగా పనిచేస్తాయి.

మన రెండు రాష్ట్రాల్లో చిన్నప్పుడు పోలియో వచ్చినవారు ఎందరో ఇప్పుడు యాభై దాటుతున్నారు. బోధనాసుపత్రుల్లో వారానికి ఒక పూటైనా వీరికి ప్రత్యేక ఓపీ నడపాలి. న్యూరాలజీ, ఫిజియోథెరపీ, ఊపిరితిత్తుల వైద్యులు అక్కడ కలిసి చూడాలి. కొత్త బలహీనతతో వచ్చినవారికి వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం శిబిరంలో పాత వైకల్య శాతమే మళ్లీ రాసి పంపకుండా తిరిగి కొలవాలి. కాళ్లతోపాటు మింగడాన్నీ, ఊపిరినీ పరీక్షించాలి.

ఇట్లు,
ఒక ఫిజియోథెరపిస్టు, రాజమహేంద్రవరం