జ్వరం వచ్చిన రోజే రక్తం చూపించు

చిరంజీవి అమ్మలుకి,

నాన్న ఆశీస్సులు. ఆశ్రమ పాఠశాలలో చేరిపోయావని, హాస్టల్ పక్కనే నీకు గది ఇచ్చారని తెలిసి సంతోషం వేసింది. పాడేరు ఏజెన్సీలో పోస్టింగ్ అనగానే మీ అమ్మకి మాత్రం టెన్షన్ పట్టుకుంది. చలిజ్వరం, చలిజ్వరం అంటూ తిరుగుతోంది. తన భయంలో అర్థం ఉంది, కాకపోతే భయం ఒక్కటే ఉంటే పని జరగదు. ఫోన్‌లో చెబుదామంటే సిగ్నల్ ఉండి ఉండనట్టు ఉంటుంది. అందుకే కాగితం మీద పెడుతున్నాను. నా ఉద్యోగమంతా మైక్రోస్కోపు ముందు మలేరియా స్లైడ్లు చూస్తూనే గడిచింది, ఈ విషయంలో నా మాట మీద నమ్మకం పెట్టుకోవచ్చు.

నేను చెప్పేది ముఖ్యంగా ఒకటే. నీకు గానీ, నీ దగ్గరున్న ఆడపిల్లల్లో ఎవరికి గానీ జ్వరం తగిలితే, ఆ రోజే రక్తం చూపించాలి. ఒక పారాసిటమాల్ వేసి రేపు చూద్దాం అనే అలవాటు మన ఊళ్లో సాగుతుంది, అక్కడ సాగకూడదు.

ఎందుకో చెబుతాను. మలేరియాలో మన దగ్గర ఎక్కువగా కనిపించేవి రెండు రకాలు, వైవాక్స్, ఫాల్సిపారం. వేలి కొస గుచ్చి, స్లైడ్ మీద ఒక చుక్క మందంగా, ఇంకో చుక్క పల్చగా పూస్తాం. మందపు పూతలో క్రిమి ఉందో లేదో చూస్తాం, పల్చటి పూతలో అది ఏ రకమో తేల్చుకుంటాం. రంగు వేసి, కడిగి, ఆరాక లెన్సు కింద పెడితే ఎర్రకణం లోపల నీలంగా సన్నటి ఉంగరం, దాని అంచున ఎర్రటి చుక్క కనిపిస్తుంది. అచ్చం కెంపు పొదిగిన ఉంగరమే. వైవాక్స్ అయితే ఆ కణం ఉబ్బి పెద్దదవుతుంది. ఫాల్సిపారం అయితే కణం ఉబ్బదు, ఉంగరాలు సన్నగా, ఒక్కోసారి ఒకే కణంలో రెండేసి ఉంటాయి. అవి కనిపిస్తే స్లైడ్ పక్కన పెట్టి ముందు ఆ మనిషి ఎక్కడున్నాడో కనుక్కోమనేవాళ్లం. ఫాల్సిపారం పట్టిన కణాలు సన్నటి రక్తనాళాల గోడలకి అతుక్కుని మెదడుకి, కిడ్నీలకి రక్తం సరిగా అందనివ్వవు. నిన్న ఒళ్లు వెచ్చగా ఉన్న పిల్ల రేపటికి ఫిట్స్‌లోకి వెళ్లవచ్చు. ఆలస్యం వద్దనేది అందుకే.

చలి, వణుకు, తర్వాత మండిపోయే జ్వరం, తర్వాత చెమట. పుస్తకాల్లో ఇలా వరసగా రాస్తారు. వైవాక్స్‌లో కొన్నాళ్లకి రోజు విడిచి రోజు అలాగే వస్తుంది. మొదట్లో మాత్రం ఈ వరస ఉండకపోవచ్చు. చిన్నపిల్లల్లో తలనొప్పి, వాంతులు, విరేచనాలు, దగ్గు కూడా ఉంటాయి, తిన్నది పడలేదేమో అనుకుంటారు. ఇంకో చిక్కు, జ్వరం లేని రోజున పిల్ల మామూలుగా ఆడుకుంటుంది. తగ్గిపోయిందిలే అని అందరూ మర్చిపోతారు. నువ్వు మర్చిపోకు.

పరీక్షకి పెద్ద ఆసుపత్రికే వెళ్లక్కర్లేదు. ఆశా కార్యకర్త దగ్గర, సబ్ సెంటర్లో ర్యాపిడ్ టెస్ట్ కిట్ ఉంటుంది. ఒక చుక్క రక్తం చాలు, పావుగంట, ఇరవై నిమిషాల్లో తేలిపోతుంది. కిట్ సరిగా పనిచేసిందని చూపే కంట్రోల్ గీత పడకపోతే ఆ పరీక్ష చెల్లదు, ఇంకో కిట్ తీయమను. నెగెటివ్ వచ్చినా జ్వరం తగ్గకపోతే మర్నాడు మళ్లీ చేయించు, వీలైతే స్లైడ్ కూడా తీయించు. ఇంకో మాట, ఫాల్సిపారం తగ్గిపోయాక కూడా కొన్ని వారాల పాటు కిట్ పాజిటివ్ చూపించవచ్చు. అలాంటప్పుడు స్లైడే నమ్మకం.

పిల్ల మత్తుగా పడుకుని పిలిస్తే పలకకపోయినా, పొంతన లేకుండా మాట్లాడినా, ఫిట్స్ వచ్చినా, నీళ్లు కూడా నిలవకుండా వాంతి చేసుకున్నా, కళ్లు పచ్చబడినా, మూత్రం బాగా తగ్గినా, నల్లగా వచ్చినా, ఆయాసం వచ్చినా కిట్ కోసం కూడా ఆగకు. 108కి ఫోన్ చెయ్యి. అంబులెన్స్ రావడం ఆలస్యమైతే జీపు మాట్లాడుకుని బయల్దేరు. ఆసుపత్రిలో మలేరియాకి ఆర్టిసునేట్ అనే ఇంజెక్షన్ పెడతారు, అది టైముకి పడితే ప్రాణం నిలుస్తుంది. ఊళ్లో ఎవరో సెలైన్ ఎక్కిస్తామంటే పిల్లని వాళ్ల చేతిలో పెట్టకు.

మందుల సంగతి కొంచెం ఓపిగ్గా చదువు. వైవాక్స్‌కి క్లోరోక్విన్ మూడు రోజులు, ప్రైమాక్విన్ పద్నాలుగు రోజులు. మూడో రోజుకే జ్వరం దిగుతుంది, పిల్ల అన్నం తింటుంది, మిగిలిన మాత్రలు ట్రంకు పెట్టెలో పడి ఉంటాయి. కానీ వైవాక్స్ క్రిమి కొంత కాలేయంలో నిద్రపోతూ ఉండిపోతుంది. రక్తంలో ఉన్నదాన్ని క్లోరోక్విన్ చంపుతుంది, కాలేయంలో దాక్కున్నదాన్ని ప్రైమాక్విన్ చంపుతుంది. మధ్యలో ఆపితే కొన్ని నెలలకి కొత్తగా దోమ కుట్టకపోయినా జ్వరం మళ్లీ లేస్తుంది. అదే పిల్ల ఏడాదిలో రెండు మూడుసార్లు మంచం పడితే రక్తం తగ్గిపోతుంది, చదువు వెనకబడుతుంది. అందుకని పద్నాలుగు రోజులూ భోజనం పెట్టి, నీ కళ్లెదుట మింగించు.

ప్రైమాక్విన్ అందరికీ పడదు. గర్భిణులకి ఇవ్వరు. జీ6పీడీ అనే ఎంజైమ్ తక్కువ ఉన్నవాళ్లకి ఈ మాత్రతో ఎర్రకణాలు పగిలిపోతాయి. గిరిజన కుటుంబాల్లో ఈ లోపం కొంచెం ఎక్కువగా కనిపిస్తుంది. మాత్ర మొదలుపెట్టాక మూత్రం కోలా రంగులో వచ్చినా, పెదవులు పాలిపోయినా వెంటనే ఆపి డాక్టరుకి చూపించు. ఆపేయమని నేను చెప్పే సందర్భం ఇదొక్కటే.

ఫాల్సిపారంకి క్లోరోక్విన్ పనిచేయడం ఎప్పుడో తగ్గిపోయింది. ఆర్టిమిసినిన్ జాతి మందుతో ఇంకో మందు కలిపి మూడు రోజులు ఇస్తారు, దాంతోపాటు ప్రైమాక్విన్ ఒక్క డోసు. ఆ ఒక్క డోసు రోగి కోసం కాదు, ఊరి కోసం. దోమకి ఎక్కే దశలో ఉన్న క్రిముల్ని అది చంపుతుంది. ఆర్టిమిసినిన్‌ని వాళ్ల దేశపు పాత వైద్యంలో వాడే మొక్క నుంచి తీసిన చైనా శాస్త్రవేత్త తు యూయూకి 2015లో నోబెల్ వచ్చింది. మోతాదు వయసుని, బరువుని బట్టి ఉంటుంది, కాబట్టి మందుల షాపులో అడిగి కొనకు. ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితంగానే ఇస్తారు.

ఇక దోమ. 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాద్‌లోనే రోనాల్డ్ రాస్ అనాఫిలిస్ దోమ పొట్టగోడలో మలేరియా క్రిమిని చూశాడు. అంతవరకు చెడు గాలి వల్ల వస్తుందనుకున్న జ్వరానికి దోమ తోవ దొరికింది. మురుక్కాలవల్లో పెరిగే దోమకీ దీనికీ పొంతన లేదు. కొండ ప్రాంతంలో ఇది గెడ్డ, అంటే వాగు పక్కన గడ్డిలో నెమ్మదిగా పారే తేట నీళ్లలో, ఊట నీళ్లలో గుడ్లు పెడుతుంది. పొద్దుగూకిన దగ్గర్నుంచి తెల్లవారేదాకా కుడుతుంది. గెడ్డని పూడ్చలేం కదా, కాబట్టి తెర తప్పనిసరి. మందు దోమతెరని కొత్తలో ఒక రోజు నీడలో ఆరనివ్వు. మాటిమాటికీ ఉతకనివ్వకు, ఉతికినా ఎండలో వేయనివ్వకు, మందు పోతుంది. అంచులు పరుపు కిందకి దోపి పడుకోవాలి. చిల్లు పడితే ఆ రోజే కుట్టించు. సాయంత్రం చదువులు వరండాలో పెడితే పిల్లలకి పొడుగు చేతుల బట్టలు వేయించు.

గోడలకి మందు కొట్టేవాళ్లు వస్తే గదులన్నీ తెరిపించు. సామాను సర్దలేక తాళాలు వేసుకునే హాస్టళ్లు చూశాను, అలా చేస్తే మందు కొట్టిందంతా దండగే. ఊళ్లలో పండగలకి గోడలు అలికేస్తారు, మందంతా మట్టి కిందకి పోతుంది. ఇది పిల్లల చేతే ఇంట్లో చెప్పించు, వాళ్ల మాట అమ్మలు వింటారు.

అన్నిటికంటే జాగ్రత్త పడాల్సింది సెలవుల తర్వాత. పిల్లలు ఇంటికెళ్లి పోడు చేల దగ్గర పాకల్లో, మంచెల మీద తెర లేకుండా పడుకుంటారు. దోమ కుట్టాక జ్వరం బయటపడడానికి సుమారు పది పదిహేను రోజులు పడుతుంది. అంటే బడి తెరిచాక నీ దగ్గరే పడిపోతారు. దసరా, సంక్రాంతి సెలవులు అయ్యాక రెండు వారాలు రోజూ రాత్రి హాజరు తీసేటప్పుడు నుదురు ముట్టుకుని చూడు. ఏ లక్షణమూ లేకుండా రక్తంలో క్రిమి మోసేవాళ్లూ ఉంటారు. అందుకే తెరిచిన వారంలో అందరికీ పరీక్షలు చేయమని పీహెచ్‌సీ వాళ్లని అడుగు. అడిగితే వస్తారు.

కేసులు తగ్గాయి కదా, ఇంత హడావిడి ఎందుకంటారు నీ తోటి టీచర్లు. 1953లో దేశవ్యాప్తంగా మలేరియా మీద పని మొదలుపెట్టాక, 1965 నాటికి కేసులు లక్షకి దిగాయి. ఇక అయిపోయిందనుకున్నారు. 1976కి 64 లక్షలు దాటాయి. ఇప్పుడు 2030 నాటికి మలేరియా లేకుండా చేయాలన్నది ప్రభుత్వ లక్ష్యం. చివరి కేసులు మిగిలేది నువ్వున్నలాంటి చోట్లే. అక్కడ ఒక టీచరు పట్టించుకోవడం, పట్టించుకోకపోవడం లెక్కలోకి వస్తుంది.

టీకా గురించి అడిగావు. ఉన్నాయి, రెండు. వాటిలో ఆర్21ని పుణేలోనే తయారు చేస్తున్నారు. అవి ముఖ్యంగా ఆఫ్రికా దేశాల్లో చిన్నపిల్లల కోసం, ఫాల్సిపారం మీద. నీకు వేసుకునే టీకా ప్రస్తుతానికి లేదు.

ఈ వారంలో మూడు పనులు చేసి నాకు మెసేజ్ పెట్టు. మీ ఊరి ఆశా కార్యకర్త నంబరు తీసుకో. సబ్ సెంటర్లో కిట్లు, మాత్రలు ఉన్నాయో, ఎక్స్‌పైరీ తేదీ దాటిపోయాయో నీ కళ్లతో చూడు. రాత్రిపూట బండి పంపగలిగే మనిషి ఎవరో హెడ్మాస్టరుని అడిగి రాసి పెట్టుకో. మీ అమ్మ దోమతెర, థర్మామీటరు, సున్నుండలు ప్యాక్ చేసింది. ఆదివారం పొద్దున బస్సులో వేస్తాను, కాంప్లెక్స్ దగ్గరికి వచ్చి తీసుకో.

ప్రేమతో,
నాన్న