మస్టాంగ్‌కి ఎయిర్ ఇన్‌టేక్ కొనేముందు

అందరికీ నమస్కారమండి. భీమవరం తమ్ముడు తన ఫోర్డ్ మస్టాంగ్ జీటీ కారుకి ఏ ఇన్‌టేక్ (ఇంజిన్‌కి గాలి అందించే ఫిల్టర్, గొట్టం ఉన్న కిట్) వేయించాలని అడిగాడు. రోజూ రోడ్డెక్కే బండి కాబట్టి నా మాట ఇది.

ముందు నీళ్ల సంగతి చూడాలండి. ఫిల్టర్ బాగా కిందకి, బంపర్ వెనక ఉండే కిట్ మన డెల్టాకి అస్సలు వద్దు. వానాకాలం కాలవగట్టు రోడ్ల మీద నీళ్లు నిలిస్తే ఫిల్టర్ వాటిని పీల్చేస్తుంది. నీళ్లు గాలిలా నొక్కుకుపోవు కదా, సిలిండర్లోకి వెళ్తే పిస్టన్‌ని పట్టుకుని ఉండే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ఇక ఇంజిన్ దింపాల్సిందే. కంపెనీ ఇచ్చిన ఫిల్టర్ బాక్సు ఉన్న ఎత్తులోనే కూర్చునేది తీసుకోండి.

మూత ఉన్న బాక్సే మేలు. ఓపెన్ ఫిల్టర్ సౌండ్ బాగుంటుంది, నిజమే. కానీ రావులపాలెం ట్రాఫిక్‌లో అది ఇంజిన్ వేడి గాలినే లాగుతుంది, పవర్ తగ్గుతుంది.

కోతలప్పుడు దుమ్ము మీకు తెలిసిందే. నాకైతే నూనె అక్కర్లేని డ్రై ఫిల్టర్ ఇష్టం. కాటన్ ఫిల్టర్‌కి రాసే నూనె ఎక్కువైతే, ఇంజిన్లోకి వెళ్లే గాలిని కొలిచే మాఫ్ (MAF) సెన్సార్‌కి పట్టేస్తుంది. ఆ సెన్సార్ ఉండే గొట్టం వెడల్పు మారితే మాత్రం ట్యూన్ (ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చడం) తప్పనిసరి, లేదంటే గాలి లెక్క తప్పుతుంది.

పాత బాక్సు పారేయకండి. తమ్ముడూ, డబ్బు కట్టేముందు కిట్ ఫొటో ఇక్కడ పెట్టు, చూసి చెబుతాను.