ఈ విడత గుమ్మడి నారు కట్టలుగా ఇవ్వడం లేదు: మా కొనుగోలుదారులకు వివరణ

అనంతపురంలోని మా నర్సరీలో ఇంటి తోటల కోసం కూరగాయల నారు కొనే వారికి, ధర్మవరం, తాడిపత్రి వైపు నుంచి వచ్చి తీసుకువెళ్లే వారికి, గుమ్మడి అమ్మకంలో చేసిన మార్పును ముందుగానే తెలియజేస్తున్నాము. ఇంతవరకు మూడు మొక్కలను ఒక కట్టగా 30 రూపాయలకు ఇస్తూ వచ్చాము. ఈ సెప్టెంబరు నుంచి కట్టలు ఉండవు. ఒక్కో మొక్కను విడిగా 12 రూపాయలకు ఇస్తాము, అది కూడా మీ దగ్గర ఎంత స్థలం ఉందో, ఎన్ని గంటలు ఎండ పడుతుందో అడిగి తెలుసుకున్న తరువాతే ఇస్తాము. పది అడుగుల పెరడు గాని, మిద్దె మీద ఒక మూల గాని ఉన్నవారికి మా సలహా చాలావరకు ఒక్క మొక్కే. ఇందువల్ల మా అమ్మకం కొంత తగ్గుతుంది, కాని చిన్న చోట పెద్ద కాయ కోరుకునే వారికి మూడు మొక్కలు అంటగట్టడం సరైన పని కాదన్నది మా అభిప్రాయం.

కాయ పెరగడానికి కావలసిన ఆహారాన్ని తయారుచేసేవి ఆకులే కాబట్టి, కాయ పరిమాణం మనం ఎన్ని మొక్కలు నాటామన్నదానిపై కాక, ఒక్కో తీగలో ఎన్ని ఆకులకు నేరుగా ఎండ తగులుతుందన్నదానిపై ఆధారపడి ఉంటుంది. ఇరుకు చోట మూడు తీగలు అల్లుకున్నప్పుడు ఒకదాని ఆకులు మరొకదానికి నీడ పెడతాయి, ఒకే పాదులోని నీటి కోసం వేర్లు పోటీ పడతాయి, పిందెలు నిమ్మకాయంత కాకుండానే పసుపు రంగుకు తిరిగి రాలిపోతాయి. అదే స్థలంలో ఒక్క తీగను పెంచి, పిడికిలంత అయిన పిందెల్లో కాడ బలంగా ఉన్న ఒకదాన్ని ఉంచి మిగిలినవి తుంచి, ఆ కాయ దాటిన తరువాత పది పన్నెండు ఆకులు వచ్చాక తీగ కొన గిల్లివేస్తే, ఆహారమంతా ఆ కాయకే చేరుతుంది. తుంచిన పిందెలను పారవేయనక్కరలేదు, లేత గుమ్మడి కూరకు అంతకన్నా మంచి సరుకు దొరకదు.

ఫోనులో చూసిన వెయ్యి కిలోల గుమ్మడి విత్తనం తెప్పించమని అడుగుతున్న వారికి కూడా ఇక్కడే సమాధానం చెబుతున్నాము. 2023 అక్టోబరులో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో జరిగిన హాఫ్ మూన్ బే పోటీలో 1,247 కిలోలు తూగి అప్పటికి ప్రపంచ రికార్డుగా నిలిచిన కాయ వంటివి, కెనడాలోని నోవా స్కోషియాకు చెందిన హోవార్డ్ డిల్ అభివృద్ధి చేసిన అట్లాంటిక్ జెయింట్ రకం వంశానివి. ఆ రకానికి ఒక్కో మొక్కకు వందల చదరపు అడుగుల నేల, దీర్ఘమైన వేసవి పగళ్లు, చల్లని రాత్రులు కావాలి, పైగా ఆ కాయ తూకానికే గాని రుచికి పెంచేది కాదు. ఏడాదికి సగటున ఐదారు వందల మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే మన జిల్లాలో, అందులోనూ మిద్దె మీద, దానికి నీళ్లు పోసి ఇల్లు గడపడం ఎవరికీ సాధ్యం కాదు. అందుచేత ఆ విత్తనాన్ని మేము తెప్పించము.

మా దగ్గర ఈసారి నాలుగు రకాలు ఉంటాయి. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ విడుదల చేసిన ఆర్కా చందన్ రెండు మూడు కిలోల కాయ ఇస్తుంది, పందిరి ఉన్న ఇంటికి మేము మొదట సూచించేది అదే. అదే సంస్థ రకమైన ఆర్కా సూర్యముఖి దాదాపు కిలో తూగుతుంది, చిన్న కుటుంబానికి ఒక పూట పులుసుకు సరిపోతుంది. సీసా ఆకారంలో ఉండే బటర్‌నట్ కూడా కిలో, కిలోన్నర దగ్గరే ఆగుతుంది గనుక దానికి మాత్రం తీగకు మూడు నాలుగు కాయలు ఉంచవచ్చు. నాలుగోది గాడులు పడి ఐదారు కిలోలకు పెరిగే నాటు గుమ్మడి. తీగను నేల మీద పదిహేను అడుగుల వరకు పారనిచ్చే వీలు లేని వారికి దీన్ని అమ్మకూడదని నిర్ణయించుకున్నాము.

నేల తక్కువైనప్పుడు తీగను పైకి నడిపించడం ఒక్కటే మార్గం. మిద్దె మీద పెంచేవారు కనీసం 80 నుంచి 100 లీటర్ల మట్టి పట్టే తొట్టి పెట్టుకోవాలి, 200 లీటర్ల డ్రమ్మును సగానికి కోసుకుంటే చాలు. తడిసిన మట్టితో అటువంటి సగం డ్రమ్ము 150 కిలోల వరకు బరువు ఉంటుంది కాబట్టి దాన్ని స్లాబు నడుమ కాకుండా కింద గోడ గాని దూలం గాని ఉన్న చోట పెట్టడం తప్పనిసరి. మట్టిలో మూడో వంతు కోకోపీటు (కొబ్బరి పీచు పొట్టు), మూడో వంతు చివికిన పశువుల ఎరువు కలిపితే బరువు కొంత తగ్గుతుంది. రెండు కిలోల లోపు కాయ తన కాడతోనే వేలాడగలదు, అంతకు మించితే పాత నూలు చీర ముక్కతో గాని, ఎర్రగడ్డలు వచ్చే వల సంచితో గాని ఉట్టిలా కట్టి ఆ బరువును పందిరి కర్రకు ఇవ్వాలి. నూలు తాడుతో కట్టిన పందిరి నవంబరు వానల్లో కూలిపోతుంది. జీఐ తీగ, అంటే తుప్పు పట్టకుండా జింకు పూత వేసిన ఇనుప తీగ, వాడండి.

నారు కొనేటప్పుడు ‘కొంచెం పెద్ద మొక్క ఇవ్వండి’ అని అందరూ అడుగుతారు. గుమ్మడి విషయంలో ఆ కోరికను మేము తీర్చలేము. ఈ జాతి వేరు కదిలితే తట్టుకోలేదు. ప్రోట్రేలో (నారు పెంచే గుంతల ప్లాస్టిక్ పళ్లెంలో) మొలక ఆకుల తరువాత రెండు నిజమైన ఆకులు వచ్చేసరికి, అంటే విత్తిన 12 నుంచి 15 రోజుల్లో, నేలలోకి వెళ్లిన మొక్క, అడుగు పొడవు తీగతో కవరులో ముదిరిన మొక్కను త్వరలోనే దాటిపోతుంది. అందువల్ల ఆ వయసు దాటి మిగిలిపోయిన నారును తక్కువ ధరకు కూడా అమ్మము.

ఇక సంక్రాంతి లెక్క. సెప్టెంబరు చివరి లోపు నాటిన ఆర్కా చందన్ జనవరి మొదటి వారాల్లో ముదురుతుంది. అక్టోబరు పది దాటాక నాటేవారికి పండుగకు లేత కాయ వస్తుందే గాని ముదురు కాయ వస్తుందని మాట ఇవ్వలేము. తీగకు మొదట కొన్నాళ్లు మగ పువ్వులే పూస్తాయి, పిందె రాలేదని ఆ రోజుల్లో కంగారు పడవద్దు. అడుగున బుల్లి కాయ ఉన్న ఆడ పువ్వు తెల్లవారుజామున విచ్చుకుని ఎండ ముదిరేలోగా ముడుచుకుంటుంది, మూడో అంతస్తు మిద్దె మీదకు తేనెటీగలు అంతగా రావు కనుక, ఉదయం ఆరు నుంచి ఎనిమిది మధ్య మగ పువ్వు రేకులు తీసివేసి దాని పుప్పొడిని ఆడ పువ్వు మధ్య భాగానికి మీరే తాకించాలి. ఆ రోజు వాన పడేటట్లు ఉంటే ఆడ పువ్వుకు కాగితపు సంచి తొడగండి. ధనుర్మాసంలో గొబ్బెమ్మల మీద పెట్టడానికి మగ పువ్వులే కోయమని ఇంట్లో పిల్లలకు ముందే చెప్పుకోవడం మంచిది.

మధ్యాహ్నం రెండు గంటలకు ఆకులు వాలిపోయిన ఫొటోలు మాకు చాలా వస్తుంటాయి. ఎండవేళ గుమ్మడి ఆకు వాలడం సహజమే. సాయంత్రానికి తిరిగి నిలబడితే నీరు సరిపోయినట్లే, నిలబడకపోతేనే పోయాలి. మన ఎర్రనేలల్లో రోజు విడిచి రోజు తడి అవసరం కావచ్చు, తాడిపత్రి వైపు నల్లరేగడిలో అంత తరచుగా పోస్తే వేరు కుళ్లుతుంది. పాదులో నాలుగు వేళ్ల మందం వేరుశనగ పొట్టు పరిస్తే తేమ నిలుస్తుంది. మన జిల్లాలో అది దొరకని ఊరు ఉండదు.

డిసెంబరులో ఆకుల మీద తెల్లటి పొడిలా కనిపించే బూడిద తెగులుకు గంధకం పొడి ఇవ్వమని అడిగితే ఇంటి తోటకు మేము ఇవ్వము, వేడి ఎండలో అది గుమ్మడి జాతి ఆకులను మాడ్చివేస్తుంది. మచ్చలు మొదలైనప్పుడే ముదురు ఆకులు తీసివేసి, తొమ్మిది వంతుల నీటికి ఒక వంతు పాలు కలిపి వారానికి ఒకసారి ఉదయం చల్లితే తెగులు చాలావరకు అదుపులో ఉంటుంది. లేత మొక్కను తినే ఎర్ర పెంకు పురుగులను తెల్లవారుజామున అవి మందకొడిగా ఉన్నప్పుడు చేతితో ఏరవచ్చు. పండు ఈగ పిందెలో గుడ్లు పెట్టకుండా పలుచని బట్ట సంచి కట్టడం, మగ ఈగలను వాసనతో ఆకర్షించే క్యూ ల్యూర్ ఎర వేలాడదీయడం రెండూ అవసరమే.

తొక్క మీద గోరు దిగకుండా, కాడ ఎండి బెండులా మారినప్పుడు రెండంగుళాల కాడతో సహా కాయను కోసి, గాలి ఆడే నీడలో పది రోజులు ఆరబెట్టండి. వండేటప్పుడు ఎప్పుడైనా చేదు తగిలితే ఆ కాయను తినవద్దు.

నాటిన వారంలోపు మొదలు కుళ్లి మొక్క చనిపోతే ఫొటో చూపించి వేరే మొక్క ఉచితంగా తీసుకోవచ్చు. అంతకు మించి కాయకు గాని, దాని బరువుకు గాని హామీ ఇవ్వము. నారు సెప్టెంబరు మూడో వారం నుంచి ఉదయం పదింటి లోపు, సాయంత్రం నాలుగింటి తరువాత ఇస్తాము. వచ్చేటప్పుడు మీ పెరడు లేదా మిద్దె ఫొటో ఒకటి, వీలైతే ఉదయం తీసినది, వెంట తెచ్చుకోండి.